అటక మీద, మంచం కింద: ఇంటి చోటుపై మీ ప్రశ్నలు

ఈ విడత ప్రశ్నలన్నీ చిన్న ఇళ్ల నుంచే వచ్చాయి. ‘ఎక్కడ అర కొట్టించాలి’ అని అందరూ అడిగారు. ‘అందులో ఏం పెడతాం, ఏడాదికి ఎన్నిసార్లు తీస్తాం’ అన్నది మాత్రం ఇద్దరు ముగ్గురే రాశారు. జవాబు సగం దాని మీదే ఆధారపడుతుంది. అందుకే వస్తువు పేరు రాయని చోట ఏది పెట్టవచ్చో, ఏది పెట్టకూడదో మేమే చెప్పాం.

ప్రశ్న: మాది 850 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. వంటింట్లో ఒకటి, పడగ్గదుల్లో రెండు సజ్జలున్నాయి. మూడూ నిండిపోయాయి. అయినా కావలసినప్పుడు ఏదీ దొరకదు, ఉన్నవే మళ్లీ కొంటున్నాం. తలుపులు పెట్టిస్తే బాగుంటుందని మావారు అంటున్నారు. పెట్టించమంటారా?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: పెట్టించండి, కాని అది ఆఖరి పని. తలుపు వేస్తే గజిబిజి కళ్లకి కనబడదు, అంతే. వస్తువు దొరకని బాధ ఇంకా పెరుగుతుంది.

ముందు టేపు పట్టుకుని సజ్జ లోతు కొలవండి. మన ఫ్లాట్లలో మామూలుగా నేల నుంచి ఏడడుగుల ఎత్తున, 24 అంగుళాల లోతున ఉంటుంది. స్టూలెక్కి చెయ్యి చాస్తే 15, 16 అంగుళాల దాకా అందుతుంది. ఆ వెనక ఉన్న 8 అంగుళాల్లోకి చేరిన సామాను ఇల్లు మారేదాకా దిగదు. మీరు మళ్లీ మళ్లీ కొంటున్నవి ఆ వెనక వరసలోనే ఉండి ఉంటాయి.

దీనికి విరుగుడు పొడుగు పెట్టెలు. 22 అంగుళాల పొడవు, 14 నుంచి 15 వెడల్పు, 12 ఎత్తు ఉండే మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలు తీసుకోండి. పొట్టి వైపు బయటికి వచ్చేలా పక్కపక్కనే పేర్చండి. ముందు పిడి పట్టుకుని లాగితే వెనక ఉన్నది కూడా దాంతోపాటే వస్తుంది. ఆరడుగుల సజ్జ మీద ఇలాంటివి నాలుగు సులువుగా పడతాయి. ఒక్కో పెట్టెలో 10 కిలోలకు మించి నింపకండి. తల పైనుంచి దించాల్సింది మనిషే కదా. పేరు మూత మీద కాక మనకు కనబడే పొట్టి వైపున పెద్ద అక్షరాలతో రాయండి: బొమ్మల కొలువు, రజాయిలు, ప్రమిదలు. మూత మీద రాస్తే కింద నించున్న వాళ్లకి కనబడదు, చీటీ అంటించిన శ్రమంతా వృథా. మూడు సజ్జల మీదా ఏమేం ఉన్నాయో ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించండి.

మూడు సజ్జలూ ఒకటి కావు. వంటింటి సజ్జకి ఆవిరి, నూనె జిడ్డు, వేడి మూడూ తగులుతాయి. అక్కడ బట్టలు, పుస్తకాలు, అట్టపెట్టెలు వద్దు. మిక్సీ వచ్చిన అట్టపెట్టె దాచుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అది జిడ్డు పీల్చుకుని బొద్దింకలకి ఇల్లవుతుంది. స్టీలు, అల్యూమినియం పెద్ద గిన్నెలు, పండగకి తీసే మూకుళ్లు అక్కడికి సరిపోతాయి. స్నానాలగదిని ఆనుకున్న గోడ వైపు ఏదైనా సజ్జ ఉంటే దాని మీద పరుపులు, దుప్పట్లు పెట్టకండి. చెమ్మ ముందు వాటికే పట్టుకుంటుంది.

ఇక బరువు. సజ్జ స్లాబు రెండు నుంచి మూడు అంగుళాల మందమే ఉంటుంది. అది రెండు పక్కలా గోడల మీద కూర్చుందా, వెనక గోడలోంచి మాత్రమే బయటికి పొడుచుకు వచ్చిందా చూడండి. రెండో రకమైతే బరువైన గంగాళాలు, గుండిగలు చివర పెట్టకూడదు. అంచున పెట్టిన బరువు మొదట్లో, అంటే గోడ దగ్గర పైభాగాన్ని చీల్చాలని చూస్తుంది. సజ్జ పైన గోడ వెంబడి పొడుగ్గా పగులు కనబడితే సామాను మొత్తం దించి ఇంజినీరుకి చూపించండి. సున్నం పూసి కప్పెయ్యడం ప్రమాదం.

ఇవన్నీ అయ్యాకే తలుపులు. పక్కకి తెరుచుకునే రెక్క ఒక్కోటి 18 అంగుళాల వెడల్పు దాటకూడదు, దాటితే ఏడాది తిరక్కుండా కిందికి వాలి రాసుకుంటుంది. వంటింట్లో తేమకి ఆగే బీడబ్ల్యూఆర్ రకం ప్లై అడగండి. చట్రాన్ని వీలైనంత వరకు పక్క గోడలకే బిగించమనండి. సజ్జ అంచుకి దగ్గరగా సుత్తిదెబ్బల డ్రిల్లు పెడితే కాంక్రీటు పెళ్లలుగా ఊడుతుంది.

ప్రశ్న: మాది డూప్లెక్స్ ఇల్లు. హాల్లో మెట్ల కింద మూడడుగుల వెడల్పున చోటంతా ఖాళీగా ఉంది. ఇన్వర్టరు, గ్యాసు బండ, చెప్పులు, చీపుళ్లు అన్నీ అందులో సర్ది తలుపులు పెట్టించాలని ఉంది. వడ్రంగి మాత్రం సొరుగులు చేస్తానంటున్నాడు. ఏది మేలు?
– ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: ఆ జాబితాలోంచి గ్యాసు బండని ఇప్పుడే కొట్టెయ్యండి. వంటగ్యాసు గాలి కన్నా బరువు. కారితే నేలబారుగా పరుచుకుని మూలల్లో నిలుస్తుంది. ఇన్వర్టరు బ్యాటరీ ఛార్జింగు అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, అది తేలిక, పైన చేరుతుంది. కింద ఒకటి, పైన ఒకటి, రెండూ మండేవే. మధ్యలో ఇన్వర్టరు స్విచ్చుల నిప్పురవ్వ. తలుపు మూసిన మెట్ల గదిలో ఈ రెంటినీ కలిపి పెట్టడం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. బండ వంటింట్లోనే, నిలువుగా, పొయ్యి కన్నా కింద మట్టంలో, గాలాడే చోట ఉండాలి. గట్టు కింద పెట్టి తలుపు వేస్తే ఆ తలుపుకి నేలకి ఆనుకుని రంధ్రాలుండాలి. పైన రంధ్రాలు పెట్టి ఊరుకుంటే ఉపయోగం లేదు.

ఇన్వర్టరు మెట్ల కింద ఉండవచ్చు. బ్యాటరీ పైన కనీసం అడుగు ఖాళీ వదలండి, లేకపోతే నీళ్లు పోయడానికి ప్రతిసారీ బయటికి లాగాలి. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోల పైనే తూగుతుంది, చక్రాల పీట మీద ఉంచితే మంచిది. ఆ అర తలుపుకి పైన రెండు, కింద ఒకటి, 6 బై 4 అంగుళాల జాలీలు పెట్టించండి.

ఇప్పుడు చోటు సంగతి. మెట్టు ఎత్తు 7 అంగుళాలు, వెడల్పు 10, స్లాబు మందం 5 అనుకుని లెక్క ఇస్తున్నాం. మీ కొలతలు వేరైతే అదే పద్ధతిలో మార్చుకోండి. నాలుగో మెట్టు అంచు కింద మీకు దొరికే ఎత్తు 15 అంగుళాలే. ఆరో మెట్టు దగ్గర 29, పదో మెట్టు దగ్గర 57, పన్నెండో దగ్గర 71. అంటే మనిషి వంగకుండా లోపలికి వెళ్లగలిగేది పన్నెండో మెట్టు దాటాకే. చీపుళ్లు, వ్యాక్యూమ్, ఇస్త్రీ బల్ల లాంటి నిలువు సామాను అక్కడ. పది మెట్ల చుట్టుపక్కల ఇన్వర్టరు. నాలుగు నుంచి తొమ్మిది మధ్యన చెప్పులు, పనిముట్లు, పాత పుస్తకాలు. మొదటి మూడు మెట్ల కింద ఏమీ మిగలదు, దానికి గోడ కట్టి మూసెయ్యండి. అక్కడ సందు వదిలితే ఎలుకకి తప్ప ఎవరికీ పనికిరాదు.

సొరుగుల మాటకొస్తే, మీ వడ్రంగి ఆలోచన మంచిదే, పద్ధతి మారాలి. మూడడుగుల లోతుకి మామూలు ఛానెల్, అంటే సొరుగు జారే పట్టాలు, దొరకదు. 20, 22 అంగుళాల ఛానెల్ వేస్తే వెనక అడుగు పైచిలుకు చోటు పోతుంది, నిండుగా నింపితే ముందుకి వాలుతుంది. దానికి బదులు ఛానెల్ లేకుండా చక్రాల బండ్లు చేయించండి. 18 ఎంఎం ప్లైతో 33 అంగుళాల లోతు, 18 నుంచి 20 వెడల్పు పెట్టె. అడుగున రెండంగుళాల చక్రాలు నాలుగు, తిరగనివే. తిరిగే చక్రాలు వేస్తే బయటికి లాగేటప్పుడు పక్క పెట్టెకి గుద్దుకుంటుంది. ముందు భాగానికి మెట్ల వాలుకి తగ్గట్టు ఏటవాలుగా కోసిన పలక. పలక అడుగు నేలకి తగలకుండా అర అంగుళం పైకి ఉండాలి. రోజూ తడిబట్ట పెట్టే ఇంట్లో ప్లై చివర్లు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. ఆ అడుగు అంచుకి పీవీసీ పట్టీ కొట్టించడం మరవకండి.

ప్రశ్న: ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య 7 అంగుళాల సందుంది. సన్నటి అరల బండి పెట్టవచ్చా?
– నెల్లూరు పాఠకురాలు

జవాబు: 4 అంగుళాల వెడల్పుదైతే పెట్టండి. మీ ఫ్రిజ్ పక్కరేకు మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉంటే వేడి అటే బయటికి పోతోందన్న మాట, ఈ మధ్య వచ్చే వాటిలో ఎక్కువ అలాగే ఉన్నాయి. ఆ వైపు కనీసం రెండంగుళాలు ఖాళీ ఉండాలి. మూసేస్తే మోటారు ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. బండిలో నూనె ప్యాకెట్లు, చాక్లెట్లు, మందులు వద్దు. వెచ్చదనానికి చెడని ఫాయిల్ చుట్టలు, చెత్త సంచులు, శుభ్రం చేసే సీసాలు పెట్టుకోండి. బండి ఎత్తు నాలుగడుగులు దాటకూడదు. నాలుగు అంగుళాల అడుగు మీద అంతకన్నా ఎత్తుంటే లాగినప్పుడు మీద పడుతుంది.

ప్రశ్న: 10 బై 11 గదిలో 6 బై 6½ అడుగుల హైడ్రాలిక్ మంచం చేయించాం. రెండేళ్లకే పైకెత్తిన పలక నిలవడం లేదు, మెల్లగా కిందికి వచ్చేస్తోంది. వానాకాలంలో లోపలి బట్టలు ముక్కిపోయిన వాసన వేస్తున్నాయి. పెట్టెమంచం తీసేసి పక్కన సొరుగులున్నది చేయించుకోమంటారా?
– బ్యాంకు ఉద్యోగిని, విజయవాడ

జవాబు: మీ గదిలో సొరుగులు వద్దు. ఆరడుగుల మంచం వేశాక పదడుగుల గదిలో రెండు పక్కలా కలిపి మిగిలేది నాలుగడుగులు. పక్క సొరుగు పూర్తిగా లాగి, ముందు మనిషి కూర్చుని సర్దాలంటే ఒక్క వైపే నాలుగడుగులు కావాలి. పైకెత్తే మంచమే మీకు సరి. దాన్ని బాగు చేసుకోండి.

పలక దిగిపోవడానికి కారణం రెండింట్లో ఒకటి. పలకని ఎత్తిపట్టే పిస్టన్‌లో గ్యాసు కారిపోయి ఉండాలి, లేదా మొదటి నుంచీ బరువుకి చాలనిది వేసి ఉండాలి. పరుపు తీసేసి పలక ఒక్కదాన్నే ఎత్తండి. నిలిచిందా, పిస్టన్ బతికే ఉంది, మీ పరుపు దానికి ఎక్కువైంది. పలక కూడా దిగిపోతే పిస్టన్ పోయింది. మార్చేటప్పుడు రెండు పక్కల పిస్టన్లూ ఒకేసారి మార్చాలి. ఒకటే మారిస్తే పలక మెలి తిరిగి కీళ్లు వదులవుతాయి.

కొలత న్యూటన్లలో ఉంటుంది, పిస్టన్ గొట్టం మీదే రాసి ఉంటుంది. పది న్యూటన్లంటే దాదాపు ఒక కిలో బలం. కాని 1000 న్యూటన్ల పిస్టన్ వంద కిలోలు ఎత్తుతుందనుకోకండి. అది కీలుకి దగ్గరగా నెడుతుంది, బరువేమో దూరంగా ఉంటుంది. అందుకని దుకాణానికి వెళ్లేటప్పుడు బరువు రాసుకుని వెళ్లండి. మీ కొలతకి 18 ఎంఎం ప్లై పలక ఒక్కటే 40 కిలోలకు అటూ ఇటూ, 12 ఎంఎం అయితే 28. దానికి పరుపు బరువు కలపండి. పరుపు తూచడానికి మనిషి పరుపు ఎత్తుకుని కాటా మీద నిలబడి, తన బరువు తీసేస్తే సరిపోతుంది. కొత్తగా చేయించేవారు పలకని నిలువునా రెండు ముక్కలు చేసి, కింద ఇనుప చట్రం వేసుకుంటే 12 ఎంఎం చాలు. అవసరానికి మించి బలమైన పిస్టన్ వేసినా చిక్కే. పరుపు తేలికైతే పలక మూసుకోదు, ఎవరో ఒకరు ఎక్కి కూర్చోవాలి.

పిల్లలున్న ఇల్లయితే పిస్టన్‌ని నమ్ముకుని లోపలికి వంగవద్దు. అంగుళం మందం టేకు కర్ర ఒకటి పలక ఎత్తుకి కోసి, రెండు చివర్లా రబ్బరు తొడిగి మంచం లోపలే ఉంచండి. ఎత్తగానే ఆ కర్ర ఊతంగా పెట్టాకే చెయ్యి లోపలికి పోవాలి.

వాసనకి కారణం గాలి ఆడకపోవడం. మంచం కాళ్ల వైపు పలకకీ, తల వైపు పలకకీ పైభాగంలో 25 ఎంఎం రంధ్రాలు 9 అంగుళాల దూరంలో కొట్టించి లోపలినుంచి దోమతెర జాలీ అంటించండి. రెండు ఎదురెదురు వైపులా ఉంటేనే గాలి మారుతుంది, ఒక్క వైపు కొడితే ఏ లాభమూ లేదు. పెట్టె అడుగు నేలకి ఆని ఉంటే నాలుగు అంగుళాల దిమ్మల మీదికి ఎత్తండి. చెద వచ్చినా ముందే కనబడుతుంది. బట్టలు పూర్తిగా ఆరాక, ఇస్త్రీ వేడి కూడా చల్లారాక పెట్టండి. పట్టుచీరలు ప్లాస్టిక్ కవర్లలో వద్దు. పాత నూలు పంచెలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చండి. నాఫ్తలీన్ ఉండలు చీరకి నేరుగా తగలనివ్వకండి, చిన్న గుడ్డలో మూటకట్టి మూలన వెయ్యండి.

ప్రశ్న: వంటింటి గట్టు ఎల్ ఆకారంలో ఉంది. మూలన గట్టు కింద చీకటి గుహలా ఉండిపోయింది. తిరిగే అరల సెట్టు వేయించుకుందామంటే ఖర్చు చూసి వెనక్కి తగ్గాం. ఆవకాయ, మాగాయ జాడీలకి ఇంట్లో వేరే చోటు లేదు.
– రాజమహేంద్రవరం పాఠకురాలు

జవాబు: మీ రెండు సమస్యలూ ఒకదానికొకటి జవాబు. పచ్చడి జాడీకి వెలుతురు తగలకూడదు, వేడి తగలకూడదు, రోజూ కదపకూడదు. ఆ మూలకి ఉన్న లోపాలన్నీ జాడీకి సుఖాలే. ఒక్క షరతు: ఆ మూలలోంచి సింకు గొట్టం పోకూడదు, పక్క అరలో పొయ్యి ఉండకూడదు. గొట్టం పోతుంటే ఎప్పుడో ఒకప్పుడు చెమ్మ తప్పదు, జాడీకి బూజు ఖాయం.

చెయ్యి అందని బాధకి గ్యాసు సిలిండరు కింద పెట్టే గుండ్రటి చక్రాల ట్రాలీ వాడండి. నిండు బండ దాదాపు 30 కిలోలు, దాన్ని మోసే ట్రాలీకి జాడీ ఒక లెక్క కాదు. ఒకటి కొనే ముందు జాడీ అడుగు కొలిచి, ట్రాలీ వలయంలో కూర్చుంటుందో లేదో చూసుకోండి. వదులుగా ఉంటే రబ్బరు చాప ముక్క గుండ్రంగా కోసి పరచండి. గట్టు కింది రాతి పలక నేల కన్నా రెండంగుళాలు ఎత్తుంటే ట్రాలీ దొర్లి కింద పడుతుంది. అంచుకి అంగుళం ఎత్తు అల్యూమినియం పట్టీ బిగించాలి. ట్రాలీకి ముందు వైపు ఒక నూలు తాడు ముడివేసి తలుపు లోపలి కొక్కేనికి తగిలించండి. తాడు లాగితే జాడీ మీ దగ్గరికి వస్తుంది, మూలలోకి తల దూర్చే పని లేదు.

పెద్ద జాడీ మూలలోనే ఉండనివ్వండి. వారానికి సరిపడా తడి లేని గరిటెతో చిన్న సీసాలోకి తీసుకుంటే మూలన ఉందన్న విసుగే ఉండదు.

తిరిగే అరల సెట్టు చెడ్డదని అనం. కాని తలుపు సందు కనీసం 18 అంగుళాలు ఉంటేనే అది హాయిగా తిరుగుతుంది, గుండ్రటి అరల చుట్టూ మళ్లీ కొంత చోటు పోతుంది. మూల అవతల గోడకి వరండా గానీ వాష్ ఏరియా గానీ ఉంటే, ఆ గోడ బరువు మోసేది కాదని మేస్త్రితో తేల్చుకుని అటువైపు నుంచి తలుపు పెట్టించుకోవచ్చు. అప్పుడు మూల అనేదే ఉండదు.

ప్రశ్న: బెంగళూరులో అద్దె ఇల్లు. గోడకి మేకు కొట్టనివ్వరు. వాషింగ్ మెషీన్ పైన ఐదడుగుల చోటు ఖాళీ. ఏం చేసుకోవచ్చు?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: కిరాణా కొట్లలో కనిపించే రంధ్రాల ఇనుప యాంగిళ్ల ర్యాకే మీకు సరైనది. ఇల్లు మారినప్పుడు విప్పి కట్ట కట్టుకుని పోవచ్చు. ఏడడుగుల యాంగిళ్లు నాలుగు, 30 బై 15 అంగుళాల రేకు అరలు మూడు. ముందు తెరుచుకునే మెషీన్ 24 అంగుళాల వెడల్పు, 34 ఎత్తు ఉంటుంది కనుక మొదటి అర 40 అంగుళాల దగ్గర. పైన తెరుచుకునే రకమైతే మూత పూర్తిగా ఎత్తి కొలిచి, దానికి రెండంగుళాలు కలపండి.

ఇక్కడే ఒక తేడా ఉంది. మామూలు ర్యాక్‌కి కింది అర ఉంటుంది, అదే కాళ్లు విచ్చుకోకుండా పట్టి ఉంచుతుంది. మీది మెషీన్ కోసం కింద ఖాళీగా వదలాలి కనుక ర్యాకు ఊగుతుంది. ప్రతి అర మూలకీ మూడుమూలల బిళ్ల వేసి, ఒక్కో దానికి మూడు బోల్టులు బిగించాలి. వెనకవైపు కింద నుంచి పై దాకా రెండు పట్టీలు ఇంటూ గుర్తులా అడ్డంగా వెయ్యాలి. అది లేకుండా ఎన్ని బోల్టులు బిగించినా ఊగుడు ఆగదు. మెషీన్‌కీ యాంగిల్‌కీ మధ్య రెండు పక్కలా రెండేసి అంగుళాలైనా ఉండాలి. నీళ్లు పిండేటప్పుడు తగిలితే బోల్టులు వదులవుతాయి. స్ప్రింగు వాషర్లు వేసి, రెండు నెలలకోసారి పానా పట్టండి. బరువైన డిటర్జెంట్ డబ్బాలు కింది అరలో, ఖాళీ సూట్‌కేసులు పైన.

ప్రశ్న: తలుపుల పైన రెండున్నర అడుగుల చోటుంది కదా, పుస్తకాలకి అర వేద్దామనుకున్నాం. కొత్త అపార్ట్‌మెంటు. ఒక గోడలో డ్రిల్లు దిగడం లేదు, ఇంకో గోడలో ప్లగ్గు గిర్రున తిరిగి ఊడొస్తోంది. ఎందుకిలా?
– నిజాంపేట, హైదరాబాద్

జవాబు: మీ ఇంట్లో రెండు రకాల గోడలున్నాయి. డ్రిల్లు నుంచి రాలే పొడి చూడండి. ఎర్రగా ఉంటే ఇటుక. తెల్లగా, పిండిలా మెత్తగా వస్తే ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు దిమ్మ. బూడిద రంగులో గట్టిగా, కొంచెమే వస్తే కాంక్రీటు.

దిగని గోడ కాంక్రీటు. అల్యూమినియం అచ్చులతో పోసే కొత్త భవనాల్లో గోడలే ఇంటిని మోస్తాయి. 8 ఎంఎం రంధ్రం చేసుకోవచ్చు, గూడు తవ్వడం, గాడి కొట్టడం మాత్రం కూడదు. సుత్తిదెబ్బల మోడ్‌లో 50 ఎంఎం లోతు చాలు. మధ్యలో ఇనుము తగిలితే బలవంతం చెయ్యక అంగుళం పక్కకి జరపండి.

ఊడొచ్చే గోడ ఏఏసీ బ్లాకు. దానికి సుత్తిదెబ్బల మోడ్ వాడితే లోపల రంధ్రం గుల్లగా పెద్దదైపోతుంది, ప్లగ్గు పట్టేదేముంటుంది! మామూలు డ్రిల్లుతోనే చేసి, ఏఏసీ కోసమే చేసిన పొడుగు నైలాన్ ప్లగ్గు అడిగి తెచ్చుకోండి. పైపూత అర అంగుళం దాకా ఉంటుంది, ప్లగ్గు పట్టు ఆ లోపల మొదలవ్వాలి.

తలుపు పైన స్విచ్‌బోర్డు వరసలో నిలువుగా వైర్ల గొట్టం పోతుంది, ఆ గీత వదిలెయ్యండి. పుస్తకాలు అడుగు వరసకి 8 నుంచి 10 కిలోలు. ఐదడుగుల అరంటే అరక్వింటాలు! ఏఏసీ గోడ మీద అంత బరువు వద్దు, కాంక్రీటు గోడ వైపు తలుపు ఎంచుకోండి. 18 ఎంఎం పలక, 10 అంగుళాల లోతు, రెండడుగులకో బ్రాకెట్టు. ముందు అంచుకి అంగుళం పట్టీ తప్పదు. తలుపు ధడాలున పడ్డప్పుడల్లా పుస్తకాలు వెంట్రుకవాసి ముందుకి జరుగుతుంటాయి.

ప్రశ్న: మా అత్తగారికి 72 ఏళ్లు. వంట ఆవిడే చేస్తానంటారు. ఇల్లు చిన్నది కాబట్టి సామానంతా పైనా కిందా ఇరికించాం. ఆవిడ స్టూలెక్కుతుంటే భయంగా ఉంది. చోటు పోకుండా ఏం చెయ్యాలి?
– తణుకు పాఠకురాలు

జవాబు: మీ ఇంట్లో వృథాగా ఉన్న చోటు పైనా కిందా కాదు, ఆవిడ కళ్ల ముందే ఉంది. గట్టు బండకీ పై అరలకీ మధ్య 20 నుంచి 24 అంగుళాల గోడ టైల్సు వేసి ఖాళీగా వదిలేసి ఉంటారు. వంగకుండా, చెయ్యి భుజం దాటి ఎత్తకుండా అందే చోటంటే నేల నుంచి రెండడుగులకీ నాలుగున్నర అడుగులకీ మధ్యదే. ఇంట్లో అన్నిటికన్నా విలువైన గోడ అదే.

అక్కడ 5 అంగుళాల లోతున రెండు అరల స్టీలు ర్యాకు వేయించండి. లోతు అంతకు మించకూడదు. ఒకే వరస డబ్బాలు పట్టాలి, వెనక రెండో వరస చేరితే మళ్లీ వెతుకులాట మొదలు. కింది అర గట్టుకి 8 అంగుళాల పైన ఉంటే కింద మిక్సీ జారు తప్ప మిగతావన్నీ పడతాయి. పొయ్యికి రెండు పక్కలా అడుగున్నర వదిలి మొదలుపెట్టండి, పొయ్యి వెనక గోడకి మాత్రం వద్దు. మంట మీదుగా చెయ్యి చాచితే చీర కొంగు అంటుకునే ప్రమాదం.

అక్కడికి ఏవి రావాలో ఆవిడనే అడగండి. ఒక వారం పాటు ఆవిడ ఏ డబ్బా ఎన్నిసార్లు తీశారో గీతలు పెట్టి చూడండి. ఉప్పు, కారం, పసుపు, పోపుదినుసులు, చింతపండు, కందిపప్పు, కాఫీపొడి: రోజూ కావలసినవి పది, పన్నెండు డబ్బాలు దాటవు. ఒక్కోటి కిలో, అంతకు లోపే నింపండి, ఐదు కిలోల డబ్బా ఒంటిచేత్తో దించడం కష్టం. బియ్యం డబ్బా నేల మీద నుంచి 18 అంగుళాల పీట మీదికి ఎక్కించండి, వంగే పని తప్పుతుంది.

సజ్జ మీద సామాను దించే పని ఇంట్లో వేరొకరిది కావాలి. ఏ పండక్కి ఏ పెట్టె దించాలో కాగితం మీద రాసి, రెండు రోజుల ముందే దించి ఆవిడ చేతికి అందే చోట పెట్టండి. దించడానికి ప్లాస్టిక్ స్టూలు మానేసి, పైన పట్టుకునే కడ్డీ ఉన్న నాలుగు మెట్ల అల్యూమినియం నిచ్చెన కొనుక్కోండి. ఆ నిచ్చెన వంటింట్లో ఉంచకండి. చేతికి దొరికితే ఆవిడ ఎక్కకుండా ఉండరు.